సువార్త అక్షరాలు

మా చిన్నప్పుడు ఎవరి నోటుపుస్తకం మీదైనా పేరు ముచ్చటగా ఉందంటే, అది సువార్త రాసిపెట్టిందే...

కంకిపాడు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఇద్దరం తొమ్మిదో తరగతి. వాళ్లమ్మ ఏసమ్మ మా పొలంలో కూలికి వచ్చేది. చర్చిలో ముసలివాళ్లకు కళ్లు ఆనవని, పాటలన్నీ పెద్ద అక్షరాలతో ఎత్తిరాసి ఇచ్చేది సువార్త. అలా కుదిరింది ఆ రాత. గుండ్రంగా, వదులుగా, కొంచెం పక్కకి వాలి... చదువుతుంటే ఎవరో పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుండేది.

నావి కాపీపుస్తకం అక్షరాలు. నిటారుగా, బిగుసుకుని. ఇంట్లో పాత పలక మీద సువార్త రాత దిద్ది దిద్ది నేర్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు అన్నాల బెల్లప్పుడు తరగతిలో ఎవరూ లేరు. బోర్డు మీద 'సోషలు మాస్టారి నోరు కంపు' అని రాశాను. నవ్వు రాలేదు. ఆ మాటకు నా అక్షరాలు నప్పలేదు. చెరిపేసి సువార్త రాతలో రాశాను.

అప్పుడు నవ్వొచ్చింది...

హెడ్మాస్టారు వచ్చారు. ఒక్కొక్కళ్లనీ పిలిచి, ఆ మాట పక్కనే పేరు రాయమన్నారు. నేను నిటారుగా రాశాను. సువార్త బెదరకుండా, ఎప్పుడూ రాసినట్టే రాసింది.

"నేను కాదండీ."

"మరి దయ్యం రాసిందా? మీ వాళ్లకి చదువు చెప్పడం మాది బుద్ధి తక్కువ."

బెత్తం విరిగింది. టీసీ ఇచ్చి పంపేస్తామన్నారు.

సాయంత్రం ఏసమ్మ వచ్చి మా అరుగు కింద నిలబడింది. "టీచరు ట్రైనింగుకెళ్తానంటందండీ... హెడ్మాస్టారితో ఒక్క మాట చెప్పండి, అయ్యగారూ."

నాన్న నావైపు తిరిగారు. "ఏమే, ఆ పిల్లే రాసిందా?"

"అక్షరాలు దానివే నాన్నా."

"ఇంక నేనేం చెప్పను ఏసమ్మా? రేపట్నుంచి దాన్నీ తీసుకురా. నాట్లకి మనుషులు చాలట్లేదు."

ఆ వారమే పొలానికి మజ్జిగ పట్టుకెళ్లాను. సువార్తకు మోచేతుల దాకా బురద. కాలవలో చేతులు కడుక్కొచ్చి దోసిలి పట్టింది. పోశాను. తాగి మూతి తుడుచుకుంది.

"'నోరు'లో కొమ్ము బాగా పైకి లాగేశారు, అమ్మాయిగారూ. నేనలా రాయను."

బడిలో నన్ను 'ఒసే' అనేది...

మళ్లీ వంగి నాటుకుంటూ పోయింది.

ఇప్పుడు ఫోన్లో చేతిరాతలాంటి అక్షరాలు వచ్చాయి. వదులుగా, పక్కకి వాలి... మనవరాలి పుట్టినరోజు పిలుపు వాటితోనే చేశాం. అందరూ బాగుందన్నారు. ఎవరి రాత అని ఒక్కరూ అడగలేదు. ఈ రోజుల్లో ఏ రాతనైనా ఎవరైనా వాడుకోవచ్చు, దెబ్బలు తినేవాళ్లు లేరు.

మీ తరగతిలో మంచి రాత ఎవరిది? తర్వాత వాళ్లు ఏం రాశారో తెలిస్తే చెప్పండి...