సీతాలు మొగుడు అప్పన్న

నౌపడలో రైలు దిగితే ముందుగా పెదవులకు తగిలేది ఉప్పుగాలే. మొన్న దిగి పెదవి తడుపుకోగానే సూరమ్మత్త గుర్తొచ్చింది. మా నాన్నకు అక్క. అక్షరం ముక్క రాదు. బళ్లో చరిత్ర చెప్పే నాకు చరిత్ర నేర్పింది మాత్రం ఆవిడే.

మా వంశవృక్షం గీయాలన్న పిచ్చి పట్టిన రోజులవి. పాత దస్తావేజులు తిరగేసి, ఈ ఊళ్లో మొదట ఉప్పుమడులు కట్టిన అప్పన్న దాకా వెళ్లాను. అప్పన్న పెళ్లాంబిడ్డల్ని వదిలి, మావాళ్లు రంగం అనే రంగూన్‌కు ఓడెక్కి పోయాడని ఊళ్లో చెప్పుకొనేవారు. నిజమాడితే నిష్ఠూరమే అనుకుని అలాగే రాశాను. చుట్టాలకు పంచడానికి అచ్చుకిచ్చే ముందు, మెప్పు కోసమే అనుకోండి, అత్తకు చదివి వినిపించాను.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది.

"ఒరే, ఏ అప్పన్నరా?"

"ఎంతమంది ఉన్నారేటి? దస్తావేజులో రాములు కొడుకు అప్పన్న అనే ఉంది."

"ఇద్దరూ రాములు కొడుకులే! మనోలు తాత పేరు మనవడికి పెట్టరేటి? మడులు కట్టినోడు నీలమ్మ మొగుడు. రంగం ఎల్లిపోయినోడు సీతాలు మొగుడు, ఆ తాతకి మనవడు." ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ పక్కన పడేసింది. "సచ్చినోడు లేచొచ్చి, అది నాను కాదని సెప్పుకోలేడురా."

నాకు తల తీసేసినట్టయింది. చదువుకున్నవాణ్ణి, తాతామనవళ్లను ఒక్క మనిషిని చేసి, మనవడి తప్పు తాత నెత్తిన రుద్దాను. అయినా బింకం పోక, సాక్ష్యం ఏదన్నాను. అత్త నవ్వింది.

"మొగోల పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. కోడళ్లు ఏరే ఊరినుంచి వస్తారు. ఆలని పట్టుకో."

అలా నీలమ్మ పుట్టిల్లు వెతుక్కుంటూ ఇద్దరం శ్రీకూర్మం వెళ్లాం. ఆ ఇంటి పెద్దాయన తడుముకోకుండా చెప్పాడు. "మా నీలమ్మ మొగుడు మడిగట్టు మీదే పోనాడంట. పాము కరిసిందంట. అప్పట్నుంచి మా ఆడపిల్లని నౌపడ ఇవ్వనేదు." తిరుగు బస్సులో అత్త కళ్లొత్తుకుంటూనే పొట్లంలో వేరుశెనగలన్నీ తినేసింది.

ప్రతి మగవాడి పక్కనా భార్య పేరు చేర్చి, వంశవృక్షం మళ్లీ గీసి తెచ్చాను. అంతా విని, "మరి నానేదిరా?" అంది. ఆడపిల్లల్ని పుట్టింటి వృక్షంలో రాయరని నసిగాను.

"పుట్టింటోలు రాయరు. అత్తింటోలకి రాయడం రాదు. మరి నాను పుట్టినట్టా, నేదా?"

అక్కడే కూర్చుని, మా నాన్న పేరు పక్కన సూరమ్మ అని రాసి, ఆవిడ వేలు పట్టి ఆ చోట పెట్టాను. చాలాసేపు తీయలేదు. నా చదువంతటిలో అంత సంతోషం మరెప్పుడూ కలగలేదు.

అత్త పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ కొత్త తరగతికి వెళ్లిన మొదటిరోజు పిల్లల్ని నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు రాయమంటాను. సగంమంది తెల్లమొహం వేస్తారు. కోప్పడను, ఇంటికెళ్లి అడిగి రమ్మంటాను. ఆ సాయంత్రం ఏ ఇంట్లోనో ఒక ముసలమ్మ, ఎన్నాళ్లకో, తన పేరు తానే పైకి చెప్పుకుంటుంది.