రెండు బలిపీఠాల రాజు

నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. ఇంగ్లీషు ఇంకా ఆలస్యం, కొడుకు దగ్గర ఉండటానికి ఈ పరాయి దేశం వచ్చాక, బ్లాక్‌టౌన్‌లో పెద్దవాళ్లకి చెప్పే క్లాసులో. టూంగాబీలో రైలెక్కి, పదాలు నెమరేసుకుంటూ పోయేదాన్ని. అరవై నాలుగేళ్ల స్టూడెంటుని.

మూడో ఏడు చరిత్ర పెట్టారు. పాతకాలపు ఇంగ్లండులో తూర్పు తీరాన్ని ఏలిన ఒక ఆంగ్లో-సాక్సన్ రాజు గురించి రెండు పేజీలు రాసుకురమ్మంది టీచరు. ఆ రాజు పొరుగు రాజ్యానికి పోయి బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంటికొస్తే పెళ్లాం, పెద్దలు పాత దేవుళ్లని వదలొద్దని పట్టుబట్టారు. ఒకే గుళ్లో క్రీస్తుకి ఒక బలిపీఠం, పక్కనే పాత దేవుళ్లకి చిన్నది ఇంకోటి పెట్టాడు. శరణు కోరిన ఒక యువరాజుని డబ్బుకి ఆశపడి శత్రువుకి అప్పగించబోతే, అది పరువు తక్కువ పని అని ఆపింది కూడా ఆ పెళ్లామే. ఆ యువరాజు కోసం యుద్ధం చేసి గెలిచాడు, కన్నకొడుకుని పోగొట్టుకున్నాడు. చుట్టుపక్కల రాజులకి పెద్దయ్యాడు. ఇదంతా రాసిపెట్టిన క్రైస్తవ సన్యాసి మాత్రం ఆ రెండో బలిపీఠాన్నే పట్టుకుని తిట్టిపోశాడు.

క్లాసులో నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మాది గుంటూరు వైపు, ఊరి చివర పేట. తాతలనాటి నుంచీ చర్చికి పోతాం. మా వాడికి కాలేజీలో సీటు రావాలంటే కులం కాగితంలో హిందువు, ఎస్సీ అని ఉండాలి. క్రైస్తవుడంటే ఆ సీటు లేదు. విచారణకి ఆఫీసాయన వస్తున్నాడని తెలిసి యేసు ప్రభువు క్యాలెండరు తీసి బియ్యం డబ్బాలో దాచాం. పక్కింట్లో అడిగి వెంకటేశ్వరస్వామి పటం తెచ్చి అదే మేకుకి తగిలించాం. ఆయన పోయాక పటం తిరిగిచ్చేశాం. కాగితం మీద వేలిముద్ర నాదే. అప్పటికి చదవడం రాదు గానీ, తెలిసే వేశాను.

ఇదంతా ఆ రాజు కథ కింద ఒక పేరాగా రాశాను. టైపు చేస్తూ మా వాడు ఆగిపోయాడు.

"అమ్మా, ఈ పేరా ఏంటి?"

"మనదే."

"రాజు గురించి రాయమంటే మన కొంప గురించి రాస్తావా?"

"నాకు ఆ రాజు అట్లాగే అర్థమయ్యాడురా."

"చర్చిలో ఎవరికైనా తెలిస్తే? నేనక్కడ సంఘపెద్దని. మొన్న ఆదివారం వాక్యం చెప్పింది నేనే, నులివెచ్చగా, అటూ ఇటూ కాకుండా ఉండొద్దని."

"చెప్పేటప్పుడు ఆ మేకు గుర్తు రాలేదా?"

వాడు పేరా తీసేశాడు. నేను ఊరుకున్నాను.

మంచి మార్కులొచ్చాయి. కాగితాన్ని వాడు ఫ్రిజ్ మీద అంటించాడు. అడుగున టీచరు రాసింది కూడబలుక్కుని నేనే చదువుకున్నాను. 'బాగుంది. కానీ రాజు రెండూ ఎందుకు ఉంచుకున్నాడో మీరు చెప్పలేదు.'

తర్వాతి క్లాసులో అందరి ముందూ అదే అడిగింది. "మీకేమనిపిస్తోంది?"

"నాకు తెలియదు" అన్నాను.

ఇంగ్లీషులో తడుముకోకుండా నేను చెప్పిన మొదటి మాట అదే. ఆ గదిలో ఆ రాజు తరఫున మాట్లాడగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మాట్లాడలేదు. పేరా తీసేసింది కొడుకని వాడి మీద తోసేయడానికి లేదు. ఆ రోజు నోరు నాదే.

ఇది చేత్తోనే రాశాను. టైపు చేయమని వాడికివ్వను.