మోవాలో ఆగిన పువ్వుల వేడుక

విశాఖలో రాత్రి రైలెక్కి పొద్దున్నే రాయపూర్‌లో దిగాను. పోరు సద్దుమణిగిన అడవి ఊళ్ల వాళ్లకు సాయం చేసే ఒక సంస్థ నన్ను దుబాసీగా పిలిచింది. రాయపూర్‌లోనే మోవా పేటలో ఆ సంస్థకో కుట్టు కేంద్రం ఉంది. భర్తను దళం చంపాక భద్రాచలం వైపు పారిపోయి, మిరప చేలల్లో తెలుగు నేర్చుకున్న భీమే అనే ఆమె అక్కడుంది. ఆ దళంలోంచి లొంగిపోయిన జోగి కూడా అక్కడే ఉంది. మర్నాడు విదేశీ దాతల ఎదుట ఇద్దరూ ఒకరి చెవిలో ఒకరు పువ్వు పెట్టి మితాన్ కట్టుకుంటారట, అంటే అక్కడి ఆచారం ప్రకారం ప్రాణస్నేహితులవుతారట. భీమే మాటలు నేను ఇంగ్లీషులో చెప్పాలి.

బస రైల్వే వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ మా పిన్ని ఇంట్లో. ఉప్మా తింటూ సంగతి చెప్పగానే పిన్ని గరిటె కింద పెట్టేసింది. ఆవిడకీ పక్కింటావిడకీ ఎప్పుడో మితాన్ అయింది.

"అదేటే, తమాషా అనుకున్నారేటి? పువ్వెట్టుకున్నాక పేరెట్టి పిలవకూడదు. ఆళ్లింట్లో చావైతే మనకీ మైలే. జిందగీ భర్ తెంపడానికి లేదు."

మర్నాడు పొద్దున్నే ఆటోలో మోవా వెళ్లి భీమేను పక్కకు పిలిచి అడిగాను. ఆమె తొణక్కుండా చెప్పింది.

"ఆమె పక్కన కూసుంట, మిషన్ నేర్సుకుంట. పువ్వు మాత్రం వద్దక్కా. పెట్టుకుంటే నా పిల్లలకు ఆమె తల్లయితది."

మరి ముందు ఎందుకు తలూపావంటే, మిషన్ ఇచ్చినవాళ్లు అడిగితే కాదంటామా అంది. నాకు ఒళ్లు మండింది. నేరుగా కేంద్రం నిర్వాహకుడి దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడేం కాదు. ఈ దృశ్యం లేకపోతే దాతలు చెయ్యి వెనక్కి తీసుకుంటారని, కేంద్రం మూతపడితే ఈ ఇద్దరే ముందు రోడ్డున పడతారని ఆయన భయం. ఆ భయంలో నిజముంది. అయినా తెలియక అడగడం వేరు, తెలిశాక చేయించడం వేరని చెప్పేశాను. భీమే అన్నదే చెబుతాను, లేదంటే సాయంత్రం రైలెక్కుతానన్నాను. ఆయన పూలపళ్లెం లోపల పెట్టించాడు.

భీమే మాటలు ఉన్నవున్నట్టు దాతలకు చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సాయం కొనసాగుతుందో లేదో ఆ రోజు తేలలేదు.

సాయంత్రం తిరుగు రైల్లో కూర్చుని, రాయపూర్ ఇళ్లు వెనక్కి పోతుంటే, కేంద్రం గుమ్మం దాటుతూ విన్న మాటే తలచుకున్నాను. భీమే మిషన్ మీంచి తలెత్తకుండానే చెయ్యి చాచింది.

"జోగీ, కత్తెరియ్యి."

పేరు పెట్టే పిలిచింది. జోగి ఇచ్చింది.