బీరువాలో పెట్టిన రొట్టె

“సృజనాత్మకత అంటే నీకేం తెలుసమ్మా?”

“నాకు తెల్వదు సారూ. మీ బీరువల ఉన్నదేమో, తాళం తీసి చూస్కోండ్రి.”

టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చార్టుల సారుకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. (అసలు పేరు చెప్పను, పిల్లలు పెట్టిన పేరే చాలు ఆయనకు.) ఆ రోజుల్లో చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఎవరి నోట విన్నా కంప్యూటర్ మాటే. బర్రెలు కాసేవాడు కూడా కొడుకు ఏ కోర్సు చేస్తున్నాడో చెప్పేవాడు. అలాంటి కాలంలో మా ఆడబిడ్డ టీచరమ్మనవుతానని పట్టుబడితే మా ఆయన తీసుకెళ్లి మొయినాబాద్‌లో చేర్పించాడు. చేర్పించిన ఏడాదే ఆయన పోయాడు. పిల్లను చదువు మాన్పించమని చుట్టాలంతా మీద పడ్డారు. నేను వినలేదు. చేవెళ్ల బస్టాండు పక్కన జొన్నరొట్టెల బండి పెట్టి దాన్ని చదివించాను. అది ఒక్క పరీక్ష తప్పినా చాలు, “మొగుడు లేనిదాని మాట వింటే గిట్లనే అయితది” అనడానికి అందరూ నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు.

బడికి పోయి పాఠం చెప్పి చూపించే పరీక్ష దగ్గరపడింది. భిన్నాల పాఠానికి ఎవరి బొమ్మ వాళ్లు సొంత ఆలోచనతో తయారు చేసుకోవాలని సారు చెప్పాడట. చెప్పి, వెంటనే బీరువాలోంచి అర్ధం, పావు గీతలు గీసిన పాత థర్మోకోల్ చక్రం ఒకటి తీసి, “అచ్చం ఇట్లనే ఉండాలె, కొలత తప్పితే మార్కులు కట్” అన్నాడట! మిగతా పిల్లలంతా తెలివైనవాళ్లు. మొయినాబాద్ రోడ్డు మీది దుకాణంలో ఆ చక్రమే కొనుక్కున్నారు. మా పిచ్చిది ఒక్కతే మొదటి మాట నమ్మింది. “సొంతంగ అన్నడు గద వదినె, రొట్టెతోని చెప్త” అంది. ఇంతకన్నా మంచి మాట ఉందా అని నేనూ ఎగిరాను. (ఇద్దరిలో ఎవరు ఎక్కువ పిచ్చివాళ్లో ఇప్పటికీ తేలలేదు.)

వేడివేడి రొట్టెలు గుడ్డలో కట్టుకుని నేనే బడికి మోసుకెళ్లి, కిటికీ దగ్గర నిలబడ్డాను. నాలుగో తరగతి పిల్లలు. మా పిల్ల ఒక రొట్టె రెండు ముక్కలు చేసి అర్ధం అంది, నాలుగు చేసి పావు అంది, చేతుల్లో పెట్టింది. ఒక పిల్ల లేచి, “టీచర్, నా పావు చిన్నగున్నది!” అని గొడవ పెట్టుకుంది. “అయితే అది పావు కాదే. పావు అంటే నాలుగూ ఒక్క తీరుండాలె” అని మా ఆడబిడ్డ మళ్లీ కొలిచి తుంపింది. చదువురాని నాకు కూడా అర్థమైంది. సరిగ్గా అప్పుడు వచ్చాడు చార్టుల సారు.

“బోధనోపకరణం ఏది?”

“తిన్నం సార్!” అంది తరగతి మొత్తం, ఒకే గొంతుతో.

ఉపకరణం లేదని కాగితం మీద గీత కొట్టేశాడు! ఆ ఉపకరణం ముప్పై కడుపుల్లో ఉందయ్యా!

చివరి మార్కులు వేయడానికి బయటి కాలేజీవాళ్లు వచ్చేదాకా, అంటే ఇంకో నెల, ప్రతి బొమ్మా బీరువాలో ఉండాలి, లేకపోతే మార్కుల్లేవన్నాడు. బండి మూసి, ఎండబెడితే నెలలైనా చెడని కడక్ రొట్టెలు చేసి, మొయినాబాద్ బస్సెక్కాను. ఒకటి గుండ్రంగా, ఒకటి సగానికి, ఒకటి నాలుగు ముక్కలుగా సారు బల్ల మీద పెట్టాను. “ఇవి తినే వస్తువులమ్మా” అన్నాడు. “మీరు దినకుండ్రి సారూ, అంతే” అన్నాను. బీరువా తీస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు తెల్ల చక్రాలు! సొంత ఆలోచనంటే ఇదేనా అని వాటిని చూపించి గొంతు చించుకున్నాను. మొదట చెప్పిన మాటలు అప్పుడు పుట్టినవే. చివరికి బీరువాలో రొట్టె పెట్టించుకునే బయటికొచ్చాను. పిల్ల పాసయింది, బొటాబొటి మార్కులతో.

అక్కడితో అయిపోతే బాగుండేది. మరుసటి ఏడు మొయినాబాద్ వెళ్తే ఆ దుకాణం ముందు వరసగా థర్మోకోల్ రొట్టెలు వేలాడుతున్నాయి. కాలిన మచ్చలు కూడా రంగుతో దిద్దారు! “గిదేందయ్యా?” అంటే, “ఈ ఏడు అందరికి గిదే తప్పనిసరి అక్కా. సారు కొత్త ఐడియా అట” అన్నాడు సేటు. కడుపు మండిపోయింది. దాన్ని తుంపితే ఏ పిల్ల లేచి నా పావు చిన్నగుందని కొట్లాడుతుంది?

ఆ దుకాణం ముందే నిలబడి పెట్టిన శాపనార్థాలు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అంత నోరు ఎక్కడిదో ఆనాటి నాకు! ఇప్పుడైతే మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూర్చుని సణిగేదాన్ని. రాస్తున్న నువ్వు ఆ టీచరమ్మ కూతురివే కదా, ఈ తిట్ల సంగతి మీ అమ్మకు చెప్పకు. ఏదీ, మొదటి నుంచి జర చదివి వినిపించు బిడ్డా. సారును తిట్టింది తక్కువైతే ఇంకో రెండు మాటలు కలుపుదాం.