చెప్పులు విడిచిన పెద్దన్న

తోట కూలీలు తెచ్చే రబ్బరు పాలలో గాజుగొట్టం ముంచి, నీళ్లు కలిశాయో లేదో తేల్చడం పెద్దన్న పని. దేవుడి మాటెత్తినా "రుజువేటి?" అనేవాడు. భార్య జయమణి రామభజనలో పాడుతుంటే, చెప్పులతోనే గుడి బయట నిలబడేవాడు.

తెల్లదొరల సైన్యానికీ అడవిలోని కమ్యూనిస్టులకూ పోరు సాగిన ఎమర్జెన్సీ రోజుల్లో ఒక ఉదయం రబ్బరు చెట్ల మధ్య తుపాకులు పేలాయి. కూలీలంతా పరుగెత్తుకొచ్చారు, జయమణి తప్ప. ముళ్లకంచె పట్టుకుని పెద్దన్న "రామా, రామా" అని అరిచాడు. చాలాసేపటికి ఆమె ఒళ్లంతా బురదతో, పాలబకెట్టుతో వచ్చింది. ఆ పాలలో మాత్రం అతను గొట్టం ముంచలేదు.

"రాముణ్ణి పిలిచినావంట గదా. ఇప్పుడైనా నమ్ముతావేటి మావా?"

"కాలవలో నక్కినావు, బతికినావు. అది రుజువు కాదులే. కానీ పిలిచింది మాత్రం నానే."

ఆ సాయంత్రం గుడి గుమ్మం ముందు పెద్దన్న చెప్పులున్నాయి.