మీటింగుకు గంగవ్వే పోవాల్నా?

కోపం రాదా మరి? మీరే చెప్పుండ్రి. కేసముద్రం అవతల ఓ తండా బడిల నేను మధ్యాహ్నం బువ్వ వండుత. పిల్లల మొకాలు చూసుకుంట వడ్డిస్త. ఎవలు కడుపునిండ తిన్నరో, ఎవలు ఏడ్చుకుంట వచ్చిన్రో నాకెరుక. కన్నోళ్ళకే ఎరుక లేదు.

ఆ తండాల ఓ పద్ధతుంది. పొద్దుగాల్నే అందరు కూలికి పోతరు, ఒక్కరు ఆగి అందరి పనులు చూస్తరు. ఆ ఒక్కరు గంగవ్వ. ముసలిది, మోకాళ్ళు పోయినయి, చేన్ల వంగలేదు. అందరి మేకలు ఆమెనే కాస్తది, అందరి వడ్ల కాడ ఆమెనే కావలుంటది. మంచి పద్ధతే, నేనేం కాదంటలేను. గని బడిల తల్లిదండ్రుల మీటింగు పెడితే దానికి సుత గంగవ్వనే తోలిన్రు! మేకలు, పిల్లలు ఒక్కటేనా?

ఆమెకు పిల్లలే లేరు. అయినా మీటింగు అనంగనే ఉతికిన చీర కట్టుకొని వచ్చి ముంగట కూసునేది. సారు ఎవల పిల్లల గురించి చెప్పినా "ఆఁ సారూ" అని తలూపి, పొద్దుగూకినంక ఇల్లిల్లు తిరిగి చెప్పేది. వాళ్ళు పొయ్యి ముట్టించుకుంట వింటే విన్నరు, లేకుంటే లేదు.

సంగీత సంగతే చూడుండ్రి. జైసింగ్, రామిల బిడ్డ. నాలుగో తరగతి. సారు ముందు వరుసల కూసోబెట్టినా బోర్డు మీద రాసింది దానికి కనపడది. "కండ్ల డాక్టరుకు చూపియ్యమనుండ్రి, ఆలస్యమైతే చూపు ఇంకా పోతది" అని సారు మీటింగుల చెప్పిండు. గంగవ్వ పోయి చెప్పింది. "పత్తి అయిపోనీ, చూద్దాం" అన్నడు జైసింగ్. పత్తి అయిపోయినంక మిర్చి అయిపోనీ అన్నడు! గీడ పిల్ల పుస్తకాన్ని ముక్కుకు ఆనిచ్చి చదువుతాంది. తోటి పిల్లలు మొద్దు అనుడు షురూ చేసిన్రు. ఎంత తెలివిగల్ల పిల్ల!

ఆఖరికి గంగవ్వనే పిల్లను మానుకోటల కండ్ల దవాఖానకు తీస్కపోయింది. తల్లో తండ్రో రావాలని చెప్పి డాక్టరు వాపస్ పంపిండు. గా మోకాళ్ళతోని బస్సెక్కి దిగి ఉత్తచేతులతోని వచ్చింది ముసల్ది. ఆ రోజు బువ్వ సుత ముట్టలేదు.

మళ్ళ మీటింగు రోజు వచ్చింది. పొద్దుగాల కూలోళ్ళను ఎక్కించుకొని జైసింగ్ ట్రాక్టర్ బడి ముంగట్నుంచి పోతాంది. గంగవ్వ పోయి రోడ్డుకు అడ్డం కూసున్నది. చేతికర్ర నేలకేసి కొట్టి వాళ్ళ భాషల తిట్టింది. నాకు సగమే అర్థమైంది, గా సగమే చాలు. ఇగ తెలుగుల అందుకున్నది.

"మీ మేకలు కాసిన, మీ వడ్లు కాసిన. మీ పిల్లలకు తల్లిని సుత నేనే కావాల్నా? నేను మీటింగుకు పోను. పోనియ్యి, ట్రాక్టర్ నా మీదికెళ్ళి పోనియ్యి!"

"కూలి పోతది, జర పక్కకు జరుగవ్వా" అన్నడు జైసింగ్.

నేను గంటె పట్టుకొనే బయటికి ఉరికిన. "సిగ్గులేదానయ్యా? కన్నది మీరు, తిరిగేది ముసల్దా?" అని నేను సుత అందుకున్న. ట్రాక్టర్ల కూలోళ్ళ నడుమ కూసున్న రామి సణుక్కుంట దిగింది.

వచ్చి బడి తలుపు కాడ నిలబడ్డది. పిల్లను బడిల ఏసినప్పటి సంది ఆమె ఈ గడప తొక్కలేదు. సారు నవ్వుకుంట, "సంగీతా, ఎవరొచ్చిన్రో చూడు" అన్నడు.

పిల్ల తలెత్తింది. తలుపు ఎంతో దూరం సుత లేదు. కండ్లు చిట్లించి చూసింది, మెడ ముంగటికి చాపి మళ్ళ చూసింది.

"గంగవ్వా?" అన్నది.

రామి కొంగు నోట్లె కుక్కుకున్నది. బయట జైసింగ్ హారన్ కొడ్తనే ఉన్నడు. రామి గిర్రున మర్లి ఒర్లింది.

"బంద్ చెయ్ గది! దిగు! మానుకోటకు పోదాం. పిల్లకు నేను కనపడ్తలేను!"