జమీల్ సార్ దాచిన మాత్రలు

“పిల్లలకు మీరు నేర్పేది సుత గిదేనా సార్, అబద్ధమాడుడు?”

పంజగుట్టలో ఒక పళ్ల ఆసుపత్రిలో, రక్తంతో బరువెక్కిన దూదిని పళ్లెంలో పడేస్తూ స్వరాజ్యం అడిగిన ప్రశ్న ఇది. అడిగించుకున్న జమీల్ అహ్మద్ జవాబు చెప్పలేదు. ఇంటర్వ్యూలో ఎంత ఇబ్బంది ప్రశ్న వచ్చినా ఐదు సెకన్లలోపు నోరు విప్పాలని అమీర్‌పేటలో వందలమందికి నేర్పిన మనిషి ఆయన. అప్పుడు మాత్రం కింది పెదవి మొద్దుబారి ఉంది, నోటి నిండా దూది ఉంది.

అది 2007 జూన్. జమీల్‌కు నలభై నాలుగేళ్లు. బల్కంపేటలో సైకిళ్లు బాగుచేసే మనిషి కొడుకు. టైపు హయ్యర్ పాసై, నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోనే నేర్పేవాడయ్యాడు. కంప్యూటర్లు వచ్చాక టైపు మిషన్లను ఓనరు పాత ఇనుము కింద తూకానికి అమ్మేసి, అదే బల్లల మీద కంప్యూటర్లు పెట్టాడు. జమీల్ రాత్రి తను నేర్చుకున్న కోబాల్ అనే కంప్యూటర్ భాషను పొద్దున పిల్లలకు చెప్పాడు. రెండువేల ఒకటిలో అమెరికా ఉద్యోగాలు ఒక్కసారిగా పడిపోతే ఆ ఇన్‌స్టిట్యూట్ కూడా మూతపడింది. కానీ కోబాల్ చెప్పిన ఆ రెండేళ్లలో ఆయన ఒక సంగతి గమనించాడు. పని వచ్చిన పిల్లలు ఇంటర్వ్యూలో నీళ్లు నములుతున్నారు, రానివాళ్లు గట్టిగా మాట్లాడి ఉద్యోగం కొట్టుకొస్తున్నారు. కాబట్టి పని నేర్పడం మానేసి మాట నేర్పడం మొదలుపెట్టాడు. మూడో అంతస్తులో ఒక గది, నలభై కుర్చీలు, ఒక తెల్లబోర్డు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా ఐదు బ్యాచులు. హాస్టళ్ల నుంచి తలస్నానం తడి ఆరకుండానే పిల్లలు వచ్చి కూర్చునేవాళ్లు.

ఆయన సూత్రాలు మూడే. అడిగినదానికే జవాబు చెప్పు. లోపం నీ నోటితో బయటపెట్టకు. గ్యాప్ ఉంటే కప్పు. గ్యాప్ అంటే చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఖాళీగా ఉన్న కాలం. రెజ్యూమెలో ఆ ఖాళీ కనపడకూడదు. లేని కంపెనీలో లేని ఉద్యోగం చేసినట్టు దాన్ని పూడ్చాలి. ఇదంతా మోసమని తేల్చేసి చేతులు కడుక్కోవడం సులువే. మూడేళ్ల అనుభవం ఉన్న కొత్త కుర్రాడు కావాలని పేపర్లో ప్రకటన వేసే కంపెనీని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

జమీల్‌కూ ఒక గ్యాప్ ఉంది. అంతకుముందు ఏడాది అక్టోబరులో, రంజాన్ నెలలో, ఛాతీలో నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరాడు. గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. నెలరోజులు ఇంట్లో ఉన్నాడు. గుండెజబ్బు మాస్టరు దగ్గర అడ్వాన్సు కట్టి ఎవరు చేరతారు, బ్యాచ్ మధ్యలో పోతే ఎవరిని అడుగుతారు? అందుకని జెద్దాలో బావమరిది దగ్గరికి వెళ్లొచ్చానని చెప్పాడు. భార్య ఉమైరాను ఊళ్లోనే ఉన్న మదీనా బజారుకు పంపి రెండు కిలోల ఖర్జూరాలు తెప్పించి, జెద్దావని కారిడార్ అంతా పంచాడు. ఎదురుగదిలో పోటీ ఇన్‌స్టిట్యూట్ నడిపే హనుమత్ప్రసాద్ అయితే మూడుసార్లు తీసుకుని, అక్కడి పండు రుచే వేరని మెచ్చుకున్నాడు. స్టెంట్ వేసిన రోజు నుంచి జమీల్ పొద్దునా రాత్రీ రక్తాన్ని పలచబరిచే రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నాడు. ఇంట్లో ఉమైరాకు తప్ప బయట ఎవరికీ తెలియదు.

మే నెలాఖరులో కుడివైపు కింది దవడ వాచింది. కారిడార్‌లో ఉన్న వాళ్లంతా తలా ఒక వైద్యం చెప్పారు, లవంగం దగ్గర నుంచి ఉప్పునీళ్ల దాకా. ఓర్చుకుంటే అదే తగ్గుతుందన్నవాళ్లూ ఉన్నారు. ఓర్పును పొగిడేవాళ్లకు దవడ నొప్పి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. రెండు వారాలు నొప్పి మాత్రలతో లాక్కొచ్చి, చివరికి పంజగుట్టకు వెళ్లాడు. డాక్టర్ చక్రపాణి ఎక్స్‌రేను లైటు ముందు పెట్టి చూపించాడు. చివరి జ్ఞానదంతం నిలబడకుండా, రైలు బెర్తు మీద మనిషిలా అడ్డంగా పడుకుని ముందు పంటిని తలతో నెడుతోంది. వాపు తగ్గడానికి మందులిచ్చి, పన్ను తీసేయాల్సిందేనన్నాడు. శుక్రవారం మూడు గంటలకు ఖాళీ ఉంది.

జమీల్ లెక్క సోమవారం మీద ఉంది. ఆ సోమవారం పొద్దున కొత్త బ్యాచ్ మొదలు. ముప్పై ఒక్క మంది ఐదేసి వందలు అడ్వాన్సు కట్టారు. ఆయన ఆ రోజు నిలబడి మాట్లాడకపోతే వాళ్లకు ఎదురుగదికి ఆరు అడుగులే దూరం. శుక్రవారం పన్ను పోతే శని, ఆదివారాలు చేతిలో ఉంటాయి.

శుక్రవారం స్వరాజ్యం ఫారం తెచ్చింది. ఆ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. కత్తి పట్టేది డాక్టరే అయినా, లోపల ఏం జరగబోతోందో రోగికి చెప్పేది ఆమే. ఫారంలో ప్రశ్నలు ఉన్నాయి. బీపీ ఉందా, షుగర్ ఉందా, గుండెజబ్బు ఉందా, రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా. జమీల్ పెన్ను తీసి, వృత్తి దగ్గర మాస్టరు అని రాసి, మిగతావాటికి వరసగా లేదు, లేదు, లేదు అని రాశాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఆయన దృష్టిలో అది ఫారం కాదు, ఇంటర్వ్యూ. ఉందని రాస్తే వాయిదా వేస్తారు. లోపం మన నోటితో బయటపెట్టకూడదు.

ఆ తర్వాత స్వరాజ్యం తన పాఠం చెప్పింది. “రెండు సూదులు పడ్తయ్. మొదటిది జర చురుక్కుమంటది. పెదవి, నాలుక సగం మీది కానట్టు అయితయ్, గాబరా పడద్దు, సాయంత్రానికి వస్తది. చిగురు కోసి, దవడ బొక్క కొంచెం చెక్కి, పన్నును తునకలు చేసి తీస్తరు. నొప్పి ఉండది, గుంజుడు తెలుస్తది, చప్పుడు మస్తు ఉంటది. నొప్పి అయితే చెయ్యి లేపున్రి, మాట్లాడద్దు. అయినంక దూది గంట సేపు గట్టిగ కొరికి పట్టాలె. ఉమ్మద్దు, పుక్కిలించద్దు, వేడిది తాగద్దు. ఉమ్మి ఎర్రగ వస్తే ఫికర్ లేదు. నోరు నిండితే మాత్రం వాపస్ రావాలె.”

అంతా ఆమె చెప్పినట్టే జరిగింది. సూది చురుక్కుమంది. పెదవి ఎవరిదో అయిపోయింది. చప్పుడు మాత్రం ఆమె చెప్పినదానికంటే ఎక్కువ. గోడకు రంధ్రం వేసే మిషన్‌ను మన పుర్రె లోపల పెట్టినట్టు ఉంటుంది, నొప్పి లేకపోవడమే దాన్ని మరింత వింతగా చేస్తుంది. డాక్టరు ఒకటికి రెండుసార్లు రక్తం ఎక్కువగా వస్తోందని గొణిగి, మళ్లీ దూది అడిగాడు. నలభై నిమిషాల తర్వాత స్టీలు పళ్లెంలో మూడు ముక్కల పన్ను. నాలుగు కుట్లు. ఇంతేనా అనుకున్నాడు జమీల్. నాలుగున్నరకు బల్కంపేట ఇంట్లో ఉన్నాడు.

ఐదున్నరకు దూది తీశాడు. వాష్‌బేసిన్‌లో ఎర్రటి ముద్ద పడింది. మళ్లీ దూది పెట్టాడు, అదీ నిండింది. కంగారులో, వద్దని చెప్పిన రెండు పనులూ చేశాడు. పుక్కిలించాడు, ఉమ్మాడు. గాయం మీద కట్టుకుంటున్న కాస్త గడ్డా అప్పుడే ఊడిపోయింది. ఆరింటికి నోరు నిండుతూనే ఉంది, మింగలేక ఉమ్మలేక చొక్కా ముందుభాగమంతా తడిసింది. ఉమైరా వాకిట్లోకి పరుగెత్తి ఆటో ఆపింది.

చక్రపాణి దీపం వంచి చూశాడు. ఇంత రక్తం రావడానికి కారణం కనపడటం లేదన్నాడు. ఏవైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు. జమీల్ తల అడ్డంగా ఊపాడు. గుండెకు సంబంధించి ఏదైనా? మళ్లీ అడ్డంగా ఊపాడు. చొక్కా మీద అంత రక్తం పెట్టుకుని కూడా ఊపాడు.

పక్కన నిలబడ్డ ఉమైరా భర్త ముఖంలోకి చూసింది. డాక్టరుకు అన్నీ చెప్పే ఉంటాడని అప్పటిదాకా ఆమె నమ్మకం. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, అక్టోబరు నుంచి ఎక్కడికి వెళ్లినా వెంట తిప్పుతున్న రెండు మాత్రల పట్టీలు తీసి, పన్ను ముక్కలున్న పళ్లెం పక్కన పెట్టింది.

చక్రపాణి పట్టీలు తిప్పి పేరు చదివి, చేతి తొడుగు తీసేసి కుర్చీలో కూర్చున్నాడు.

“స్టెంట్ ఎప్పుడు వేశారండీ?”

“అక్టోబర్ల,” అంది ఉమైరా.

అప్పుడే స్వరాజ్యం, పిల్లలకు నేర్పేది గిదేనా అన్న ఆ ప్రశ్న అడిగింది.

మళ్లీ మత్తు ఇచ్చారు. పాత కుట్లు విప్పి, గాయంలో రక్తం ఆపే మందు దూది కూరి, కుట్లు దగ్గర దగ్గరగా వేశారు. గుండె డాక్టరుకు ఫోను చేశారు. ఏడున్నరకు రక్తం ఆగింది. ఎక్స్‌రే కవరు వెనక జమీల్ రాశాడు: ముందే చెబితే చేసేవారు కాదు కదా. మాత్రలు ఆపమనేవారు కదా.

చక్రపాణి అది చదివి జమీల్ వైపు కాక ఉమైరా వైపు చూస్తూ చెప్పాడు. “ఆపమనేవాణ్ణే కాదమ్మా. ఎనిమిది నెలల స్టెంట్‌తో సొంతంగా మాత్రలు ఆపేసి వచ్చి ఉంటే ఇంకా ప్రమాదం. రక్తం కారితే నేను కుట్టగలను. స్టెంట్ మూసుకుపోతే నేనేం చేయగలను?”

“మరి వాయిదా వేస్తుంటిరా?” అడిగింది ఉమైరా.

“గుండె డాక్టరుతో ఒక్క ఫోను. ఆయన సరే అంటే ఇదే శుక్రవారం, మధ్యాహ్నం కాకుండా పొద్దున. ఇప్పుడు పెట్టిన దూది అప్పుడే పెట్టేవాణ్ణి. పది నిమిషాలు ఎక్కువ పట్టేది.”

అన్నిటికంటే ఆ మాటే జమీల్‌ను కొట్టింది. రక్తం చూసి భయపడ్డాడు గానీ, ఇది విని నిర్ఘాంతపోయాడు. ఆయన వృత్తిలో అబద్ధానికి ఒక ధర ఉంటుంది, దానికి తగిన లాభమూ ఉంటుంది. ఇక్కడ లాభం పది నిమిషాలు. సత్యం మహిమ గురించి ఉపన్యాసాలు చెప్పేవాళ్లు ఈ కథను వాడుకోవచ్చు గానీ, ఇందులో మహిమ ఏమీ లేదు. ఇంటర్వ్యూలో అవతలివాడు మనల్ని తీసేయడానికి కూర్చుంటాడు, ఆసుపత్రిలో తీసేసేది పన్నునే. ఆ తేడా నలభై నాలుగేళ్ల మనిషికి తట్టలేదు, అంతే.

సోమవారం మూడో రోజు. వాపు ముదిరేది మూడో రోజేనని స్వరాజ్యం ముందే చెప్పింది. పళ్ల మధ్య ఒక వేలు కూడా పట్టనంతగా నోరు బిగుసుకుంది. చెంప వంకాయ రంగుకు తిరిగింది. అయినా ఏడింటికి మూడో అంతస్తు ఎక్కాడు. కారిడార్‌లో హనుమత్ప్రసాద్ ఎదురయ్యాడు.

“ఏంటి సార్, ఎవరు కొట్టారు? ఫేక్ పెట్టించిన పిల్లాడెవడైనా దొరికిపోయాడా?”

పలకరింపులా అడిగాడు గానీ గొంతు తగ్గించలేదు. తలుపు దగ్గరున్న పిల్లలు విన్నారు. జమీల్ గదిలోకి వెళ్లేసరికి దొంగ అనుభవంతో పట్టుబడిన కుర్రాడెవడో సార్‌ను కొట్టాడన్న కథ చివరి కుర్చీ దాకా చేరిపోయింది. ముప్పై ఒక్క ముఖాలు ఆయన చెంపనే చూస్తున్నాయి.

ఏ అబద్ధం చెప్పినా వెంట వచ్చే ప్రశ్నలన్నిటికీ నోరు తెరవాలి. నిజం బోర్డు మీద రాయడమే సులువు. మార్కర్ తీసి రాశాడు: నన్ను ఎవరూ కొట్టలేదు. పన్ను తీయించుకున్నాను. నా గుండెలో స్టెంట్ ఉంది, దానికి మాత్రలు వాడుతున్నాను, ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు, రక్తం ఆగలేదు. వారం రోజులు నేను రాస్తాను, మీరు మాట్లాడాలి.

ఎనిమిది నెలలు కాపాడుకున్న రహస్యం నాలుగు వరసల్లో అయిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు కుర్చీలోని అమ్మాయి గుండెజబ్బుకు పన్నుకు సంబంధమేంటని అడిగింది. జమీల్ బోర్డు మీద మాత్రలు అన్న మాట నుంచి రక్తం అన్న మాటకు బాణం గీసి, జవాబు నువ్వే చెప్పు అన్నట్టు చెయ్యి చూపించాడు. క్లాసు అలా మొదలైంది. మాట్లాడే మాస్టరు కావాలని వచ్చిన పదిమంది మధ్యాహ్నానికి ఎదురుగదికి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, వాళ్లు కట్టింది మాటకే. ఇరవై ఒక్క మంది మిగిలారు.

ఏడో రోజున కుట్లు విప్పించుకోవడానికి వెళితే, స్వరాజ్యం పక్క కుర్చీలోని కొత్త రోగికి ఫారం ఇవ్వకుండా చెయ్యి చాపింది.

“జేబుల, సంచిల ఏం గోలీలున్నా బయట పెట్టున్రి. రాసుడు తర్వాత.”

జమీల్ అది విని తల దించుకున్నాడు. రెజ్యూమెల్లో గ్యాపులు పూడ్చడం ఆయన మానలేదు. మానితే గది అద్దె రాదు. కానీ కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ గుండె సంగతి మొదటి రోజే చెబుతాడు, ఇష్టం లేనివాళ్లు అడ్వాన్సు కట్టకముందే వెళ్లిపోవచ్చని.

ఆ సోమవారం వెళ్లిపోయిన పదిమందిలో ఏడుగురికి అడ్వాన్సు తిరిగి ఇచ్చాడు. ముగ్గురికి ఐదేసి వందలు, మొత్తం పదిహేను వందలు, ఇంకా ఇవ్వాలి.